భూమయ్య మిస్త్రీ రేసు బండి

మా బాపు దొంగ అని బోధన్‌లో కొందరు ముసలివాళ్ళు ఇప్పటికీ నమ్ముతారు. నా జ్ఞాపకాల్లో ఈ అధ్యాయం ముఖ్యంగా వాళ్ళ కోసమే రాస్తున్నాను. చూపు ఆనని వాళ్ళు మనవళ్ళతో చదివించుకోండి. నాకు అరవై దాటాయి. ప్రభుత్వ బడుల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఎవరేమనుకుంటారో అని మాట మింగే వయసు దాటిపోయింది. బాపు పేరు భూమయ్య. చక్కెర ఫ్యాక్టరీకి పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మోటారు సైకిళ్ళు బాగు చేసేవాడు. ఫ్యాక్టరీ ఇంజినీరు గారి రేసు బండిలోంచి అసలు సామాను తీసి అమ్ముకున్నాడని, దాని బదులు డూప్లికేట్ సామాను బిగించాడని ఆయన మీద నింద పడ్డప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. బతికినన్నాళ్ళూ ఆ నింద ఆయన్ను వదల్లేదు. పోయిన తర్వాత కూడా ఊళ్ళో మిగిలే ఉంది.

పోయిన ఎండాకాలం వసుధ ఫోన్ చేసింది. ఆ ఇంజినీరు దేశ్‌పాండే గారి కూతురు. ఒకప్పుడు నా పక్క బెంచీ పిల్ల, తర్వాత నాందేడ్ కోడలు. నలభై ఏళ్ళకు పైగా మా మధ్య మాటల్లేవు. “సుగుణా, నేను వసుధను. జర ఫోన్ పెట్టెయ్యకు,” అని మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న ఏనాడో పోయారు, ఆ మధ్య అమ్మ కూడా పోయింది, బోధన్ ఇల్లు అమ్మేస్తున్నారు. “ఎనక షెడ్డుల గా బండి గట్లనే ఉన్నది. పాత ఇనుపసామాన్లోళ్ళు రేపొచ్చి తీస్కపోతమంటున్నరు. నాకు మనసొప్పుతలేదు. నీకేమన్న గావాల్నా?” అంది. నాకు బండితో పనేముంది, మోకాళ్ళ నొప్పులతో స్కూటీ కూడా మానేశాను. అయినా, “రేపటి దాక ఎందుకు, ఇయ్యాలనే అస్తున్న,” అన్నాను. ట్రాలీ ఆటో ఒకటి మాట్లాడుకొని నిజామాబాద్ నుంచి బయలుదేరి, మధ్యాహ్నం భోజనాల వేళకు వాళ్ళ ఇంటి ముందు దిగాను. గోనె సంచుల కింద, కోడి ఈకల మధ్య, టైర్లు కుళ్ళిపోయి పడి ఉంది బండి. నేను దాన్ని ముట్టుకోలేదు. ముందు ఇంజను దగ్గర కూర్చొని బోల్టులు చూశాను. తుప్పు పట్టి అతుక్కుపోయి ఉన్నాయి, వాటిని ఎవరూ విప్పలేదు. ఒక మనిషిని దొంగ అన్నారు గానీ, ఆ మాట నిజమో కాదో చూడటానికి ఇన్నేళ్ళలో ఆ ఇంజను బోల్టు ఒక్కటి కూడా తిప్పలేదు.

ఫ్యాక్టరీ మూతబడ్డాక బోధన్‌కు వాసన పోయింది. నా చిన్నతనంలో చెరుకు ఆడే నెలల్లో ఊరంతా మడ్డి పులిసిన వాసన వేసేది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, మాకు మాత్రం ఆ వాసన లేకపోతే అన్నం సయించేది కాదు. చిమ్నీలోంచి చెరుకు పిప్పి మసి ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద పడేది. అవ్వ రోజూ ఫ్యాక్టరీని తిట్టుకుంటూ బట్టలు దులిపేది. మా వైపు కన్నతల్లినే అవ్వ అంటాం. తిట్టినంతసేపు తిట్టి, మళ్ళీ గడపలో చాట ముందేసుకొని బీడీలు చుట్టేది. ఆమె చుట్టూ తునికాకు, తంబాకు వాసన. సాయంత్రం బాపు వచ్చేసరికి దానికి పెట్రోలు వాసన తోడయ్యేది. బాపు చేతులు కడుక్కోవడం మాకు రోజూ ఒక తమాషా. అరచేతిలో ఇంత కిరసనాయిలు పోసుకొని, దాని మీద ఒక చెంచా దొడ్డు చక్కెర వేసుకొని రుద్దేవాడు. గోళ్ళ సందుల్లోని గ్రీజు కూడా వదిలేది. తినే చక్కెరతో చేతులు కడుక్కుంటాడని అవ్వ గొణిగేది. చక్కెర ఊళ్ళో పుట్టి దానికి కూడా నోచుకోనా అని బాపు నవ్వేవాడు.

అవ్వకు ఒక పంతం ఉండేది. ఇంట్లోకి కొన్న ఆముదం రానిచ్చేది కాదు. “మిల్లుల ఏమేం కలుపుతరో ఎవలకెర్క,” అనేది. ఏటా చలికాలం పోయే ముందు ఒక రోజంతా దానికే. ఆముదం గింజలు పెనం మీద దోరగా వేయించి, రోట్లో మెత్తగా దంచి, పెద్ద గంజులో నీళ్ళు మరగబెట్టి ఆ ముద్ద అందులో వేసేది. గంటలు గంటలు ఉడికేది. పైకి తేలిన నూనెను గరిటెతో తీసి ఇంకో గిన్నెలో మళ్ళీ కాచేది, చిటపటలు ఆగేదాకా. నల్లగా, చిక్కగా, మాడిన గింజల కమ్మటి కమురు వాసనతో ఉండేది ఆ నూనె. వాడలో ఎవరి ఇంట్లో బిడ్డ పుట్టినా, ఎవరికి కడుపు నొప్పి వచ్చినా, మా ఇంటికే గిన్నె పట్టుకొని వచ్చేవాళ్ళు. భూమయ్య పెండ్లాం ఆముదం అంటే మందు అని పేరు. అంతకంటే మంచి నూనె లోకంలో ఉంటుందని నాకు తెలియదు. ఆ డబ్బాను అవ్వ అటుక మీద పెట్టేది.

బడి లేనప్పుడల్లా నేను షెడ్డులో ఉండేదాన్ని. ప్లగ్గులు తోమడంతో మొదలై, పదో తరగతికి వచ్చేసరికి కార్బురేటర్ మొత్తం విప్పి కడిగి మళ్ళీ బిగించేదాన్ని. బాపు పక్కన నిలబడి చేతులు కట్టుకొని చూసేవాడు. తప్పు చేస్తే చెప్పేవాడు కాదు, పూర్తిగా బిగించనిచ్చేవాడు. బండి స్టార్ట్ కాకపోతే, “ఎక్కడ తప్పిందో సూడు,” అని తన పనికి తాను పోయేవాడు. చుట్టాలు మొహం చిట్లించేవాళ్ళు. ఆడపిల్లకు పానా ఇస్తే రేపు దాన్ని ఎవడు చేసుకుంటాడు అని మా మేనత్త ఒకసారి అందరి ముందే అడిగింది. “చేసుకున్నోని బండి ముఫత్‌ల బాగైతది,” అన్నాడు బాపు. మేనత్త ఆరు నెలలు మా ఇంటికి రాలేదు. నాకు ఆ ఆరు నెలలు హాయిగా గడిచాయి.

దేశ్‌పాండే గారి బండి ఎప్పటిదో ఇంగ్లాండు నుంచి వచ్చిన రేసు బండి. లైటు లేదు, హారన్ లేదు, కిక్కు కూడా లేదు. గేరులో పెట్టి పరుగెత్తి తోస్తే లేస్తుంది. సీటు కింద ఇంజను నూనెకు విడిగా ఒక ట్యాంకు, అందులోంచి పెన్సిలంత లావు రాగి గొట్టం ఇంజనులోకి. రేసులో ఆ ఇంజను వేడికి మామూలు ఆయిల్ నీళ్ళలా పలచబడిపోతుంది, ఆముదం మాత్రం నిలబడుతుంది. అందుకని రేసు రోజుల్లో దానికి ఆముదమే. బాపు నిజామాబాద్ గానుగ నుంచి పచ్చి గింజల ఆముదం తెచ్చి, మూడుసార్లు గుడ్డలో వడబోసి, వారం రోజులు కదపకుండా పెట్టి, పైతేట మాత్రం వాడేవాడు. ఎందుకంత జాగ్రత్త అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చెరుకు ఆడటం అయిపోయాక బండ్లు నిలిపే పెద్ద మైదానం ఖాళీ అయ్యేది. ఎండాకాలంలో అక్కడ మోటారు సైకిళ్ళ పందేలు పెట్టేవాళ్ళు. నాందేడ్ నుంచి, హైదరాబాద్ నుంచి కూడా వచ్చేవాళ్ళు. బండి దేశ్‌పాండే గారిది, చెయ్యి బాపుది, నడిపేది అజీజ్ భాయ్. ఫ్యాక్టరీలో కుర్ర ఫిట్టరు, నన్ను చెల్లె అని పిలిచేవాడు. మా ఇంట్లో తిని మా ఇంట్లోనే పండుకునేంత చనువు.

ఆ ఏడు పందెం పొద్దున బాపు మైదానంలో ఉండి నన్ను షెడ్డుకు పంపాడు. “షెడ్డుల ఆముదం డబ్బా ఉన్నది, పట్కరాపో. వచ్చి ట్యాంకుల పొయ్యి,” అన్నాడు. షెడ్డులో డబ్బా కనబడింది. నేను దాన్ని తీసుకోలేదు. ఇవాళ గెలవాలి, అజీజ్ భాయ్ అందరికంటే ముందు రావాలి, మిల్లు నూనె ఎందుకు అనుకున్నాను. ఇంటికి పరుగెత్తి నిచ్చెన వేసుకొని అటుక మీది అవ్వ ఆముదం దించాను. ట్యాంకు నిండా పోశాను. ఏడో చుట్టులో ఇంజను బిగుసుకుపోయి వెనక చక్రం ఆగిపోయింది. అజీజ్ భాయ్ ఎగిరి పడ్డాడు, బండి ఆయన మీద పడింది. కుడి కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఆయన్ను జీపులో నిజామాబాద్ దవాఖానాకు తీసుకుపోయారు. బండిని తోసుకొచ్చి మా షెడ్డులో పెట్టారు. బాపు ట్యాంకు మూత తీసి, వేలు ముంచి వాసన చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

“డబ్బా ఏడికెళ్ళి తెచ్చినవ్ బిడ్డా?”

“అటుక మీదికెళ్ళి బాపు. అవ్వ చేసింది. మిల్లు దానికంటే మంచిదని.”

ట్యాంకు మూత మళ్ళీ బిగించాడు. “మంచిదే,” అన్నాడు. “నువ్వు ఇంటికి పో.”

ఆ ఒక్క మాటను నేను మెప్పు అనుకొని ఇన్నేళ్ళు దాచుకున్నాను. సైన్సు చెప్పినదాన్ని, ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు. సాయంత్రం దేశ్‌పాండే గారు మనుషులను పంపి బండిని తన ఇంటికి తెప్పించుకున్నారు. మర్నాటికి ఊళ్ళో మాట పాకింది. వారం ముందు బాపు ఆ ఇంజను పిస్టన్ తీసి గుడ్డలో చుట్టుకొని నిజామాబాద్ బస్సెక్కడం ఎవరో చూశారట. రింగులు సరిచేయించడానికి పోయాడు, నాకు తెలుసు. అసలుది అమ్మి డూప్లికేట్ తెచ్చాడన్నారు. పైగా బండికి ఆయిల్ ట్యాంకు కూడా లేదని దేశ్‌పాండే గారు చూసుకున్నారు. షెడ్డులో ఉన్న ఆ కాసేపట్లోనే అది కూడా మాయం చేశాడన్నారు. రెండు నెలలకు అజీజ్ భాయ్ చంకలో కర్ర పెట్టుకొని వచ్చి మా షెడ్డు ముందు రోడ్డు మీద నిలబడ్డాడు. “నా కాలు అమ్ముకున్నవ్ గదా భూమన్నా. ఎంతకు పోయింది చెప్పు,” అని అరిచాడు. హోటళ్ళ ముందు జనం లేచి నిలబడి చూశారు. బాపు చేతిలో పానా పట్టుకొని తల దించుకొని నిలబడ్డాడు.

ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఆ రోజు నాకు కూడా అనుమానం వచ్చింది. తప్పు చేయనివాడు తల ఎందుకు దించుకుంటాడు అనుకున్నాను. ఊరు అనుకుంటే ఊరి ఖర్మ, నేను అనుకోకూడదు. కానీ అనుకున్నాను. తర్వాత షెడ్డుకు బండ్లు రావడం మానేశాయి. బాపు సైకిల్ మీద వర్ని వైపు పోయి, కాలువ పొంటి రైతుల ఆయిల్ ఇంజన్లు బాగు చేసుకుంటూ బతికాడు. నేను షెడ్డుకు పోవడం మానేశాను. చదువు పేరు చెప్పాను. అసలు కారణం అనుమానమే.

బండిని ట్రాలీలో వేసుకొని నేను నేరుగా అజీజ్ భాయ్ దగ్గరికే తీసుకుపోయాను. నిజామాబాద్‌లో గంజ్ మార్కెట్ వెనక సందులో ఆయనకు లేత్ మిషన్ ఉంది. గడ్డం తెల్లబడింది. కాలు ఇప్పటికీ ఈడుస్తాడు. బాపు పోయినప్పుడు ఆయన రాలేదు. ట్రాలీలో ఏముందో చూడగానే మిషన్ ఆపేశాడు.

“గీ బండిని నా ముంగట వెట్టకు చెల్లె. తీస్కపో.”

“తెరువకుంటనే దొంగ అన్నరు గదా భాయ్. తెరిచి సూసి అను. డూప్లికేట్ ఉంటే నేను గూడ అంట. బోధన్‌ల మైకు వెట్టి అంట.”

“ఉంటే నీకే బాధైతది.”

“నా బాధ నేను సూస్కుంట.”

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చివరికి కుర్చీ జరుపుకొని, “దించుండ్రి,” అన్నాడు ట్రాలీ వాళ్ళతో. ఇంజను విడదీయడానికి పదిహేను రోజులు పట్టింది. డీజిల్ పోయడం, నానబెట్టడం, వేడి చేయడం, చెక్క సుత్తితో మెల్లగా తట్టడం. రోజూ పొద్దున్నే టిఫిన్ చేసి పోయేదాన్ని. పాత చీర కొంగు నడుముకు దోపుకొని నేల మీద కూర్చునేదాన్ని. పక్క దుకాణాల మగవాళ్ళు వచ్చి, “టీచరమ్మా, మీకెందుకు ఈ మసి,” అనేవాళ్ళు. మీకెందుకు నా సంగతి అనేదాన్ని. సిలిండర్ ఊడి వచ్చిన రోజు అజీజ్ భాయ్ పిస్టన్‌ను కిరసనాయిలులో కడిగి, లోపలి అంచు కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు. బండితో పాటు వసుధ నాకు ఒక చిన్న పుస్తకం ఇచ్చింది, ఇంగ్లాండులో అచ్చయిన సామాన్ల పట్టిక. అందులో ఉన్న గుర్తు, అంకెలు, పిస్టన్ లోపల పోత పోసి ఉన్నాయి. ఒక్కొక్క అంకె నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

“అస్లీదే,” అన్నాడు. పిస్టన్‌ను గుడ్డ మీద పెట్టి, ఆ గుడ్డను ఊరికే సర్దుతూ కూర్చున్నాడు. నాకు గెలిచినట్టు అనిపించింది. అరిచి సందంతా వినిపించాలనిపించింది. ఆయనే మళ్ళీ నోరు విప్పాడు. “మరి ఎందుకు పట్టేసింది చెల్లె? పక్కలు సూడు, ఎండిపోయి గీసుకున్నది. ఆయిల్ అందలే. ట్యాంకు సూస్తెనే తెలుస్తది. ట్యాంకైతే మీ బాపే తీసిండు. గది మాత్రం ఎవలు కాదన్నా నేను నమ్మ.”

లేని సామాను వెదకడం అప్పుడు మొదలైంది. కార్బురేటర్ లేదు, స్పార్కు పుట్టించే మ్యాగ్నెటో లేదు, ఆయిల్ ట్యాంకు లేదు. మొదటి రెండూ దేశ్‌పాండే గారే విప్పి ఎవరికో ఇచ్చారని వసుధకు గుర్తుంది. మ్యాగ్నెటో నిజామాబాద్‌లోనే ఒక పాత సామాన్ల కొట్టులో తూకం రాయిగా దొరికింది. కార్బురేటర్ నందిపేట్ రైతు ఒకాయన కొనుక్కుపోయాడని ఆ కొట్టువాడే చెబితే అక్కడికి పోయాను. పసుపు కొమ్ములు మెరుగు పట్టే డ్రమ్ముకు బిగించిన ఇంజను మీద ఉంది. ఆ రైతు దాన్ని విప్పి ఇవ్వడానికి ససేమిరా అన్నాడు. కొత్తది తెచ్చి నా చేత్తో నేను బిగించి, డ్రమ్ము తిప్పి చూపించాక ఇచ్చాడు. “మిస్త్రీ బిడ్డవే,” అన్నాడు. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. ఇక ట్యాంకు. బాపు సైకిల్ మీద రోజూ పోయిన దారి ఒకటే గనుక నేనూ వర్ని దారే పట్టాను. కాలువ పొంటి పాత రైతులను అడుగుతూ పోతే నాలుగో రోజు గంగారాం పటేల్ ఇల్లు చూపించారు. తొంభైకి దగ్గర పడ్డ మనిషి. మంచం మీద కూర్చొని ఎండ కాగుతున్నాడు. విషయం చెప్పాను.

“నువ్వెవలు?”

“భూమయ్య మిస్త్రీ బిడ్డను.”

“అయితే లేదు పో.”

“ఎవలన్న వేరేటోళ్ళొస్తే ఉంటదా?”

“ఎవలొచ్చినా లేదు. నీకైతే అసలే లేదు. నీకియ్యద్దన్నడు.”

నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఇచ్చేదాకా కదలనని చెప్పాను. మధ్యాహ్నమైంది, కోడలు అన్నం పెట్టింది, తిన్నాను, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చున్నాను. ముసలాయన విసిగిపోయి చివరికి చెప్పాడు. పందెం అయిన రాత్రే బాపు ఆ ట్యాంకు గోనెలో చుట్టి సైకిల్ వెనక కట్టుకొని వచ్చాడట. దాచిపెట్టమన్నాడట. “దొంగసొమ్మా భూమయ్యా అని అడిగిన. నాదే అనుకో పటేలా అన్నడు. నా బిడ్డకు ఎన్నడు సూపియ్యకు, తెలిస్తే దాని చెయ్యి మల్ల పానా పట్టది అన్నడు. తెలిస్తే అంటే ఏందిర అంటే చెప్పలే.”

కోడలు దాన్ని గడ్డి కొట్టంలోంచి తెచ్చింది. రాగి గొట్టం కూడా దానికే ఉంది. మూత రాలేదు, ఎండలో పెట్టి వేడెక్కాక తిప్పితే వచ్చింది. లోపల గోధుమరంగు పెచ్చు గట్టిగా కట్టి ఉంది. గొట్టం మొదట్లో, ఇంజనులోకి నూనె పోయే చోట, నల్లటి ముద్ద అడ్డం పడి రాయిలా ఉంది. పుల్లతో గీకితే అందులో ఆముదం గింజల పొట్టు కనబడింది. వేయించిన గింజల కమురు వాసన సన్నగా వచ్చింది. అవ్వ చేసే వంటాముదంలో ఎంత కాచినా తడి మిగులుతుంది, పిండి మిగులుతుంది. పసిపిల్లల మాడుకు అది మంచిదే. ఇంజనుకు విషం. గంగారాం పటేల్ ఏదో అడుగుతున్నాడు, నాకు వినబడలేదు. ఆ ట్యాంకును ఒడిలో పెట్టుకొని ఏడ్చాను. అవును, ఏడ్చాను, దాచుకునేదేముంది.

ఇంటికి వచ్చేసరికి ఏడుపు పోయి కోపం వచ్చింది. అందరూ ఇక్కడ తండ్రి ప్రేమ అని రాస్తారు. నేను రాయను. నా తప్పును నన్ను అడగకుండా తీసుకుపోయి తాను మోయడానికి ఆయనకు హక్కు ఎవరిచ్చారు? బండి స్టార్ట్ కాకపోతే ఎక్కడ తప్పిందో చూడు అని నేర్పినవాడు, నా జీవితంలో అన్నిటికంటే పెద్ద తప్పును మాత్రం నన్ను చూడనివ్వలేదు. చెప్పి ఉంటే నేను ఏడ్చేదాన్ని, అజీజ్ భాయ్ కాళ్ళ మీద పడేదాన్ని, వారం తర్వాత మళ్ళీ పానా పట్టేదాన్ని. నా చెయ్యి అంత పిరికిది కాదు బాపూ. నువ్వు చెప్పకపోవడం వల్లనే నేను షెడ్డు మానేశాను, నిన్ను అనుమానించాను. పిల్లలను కాపాడుతున్నామని పెద్దవాళ్ళు అప్పుడు ఎన్ని దాచేవాళ్ళో. ఇప్పటి పిల్లలకు అన్నీ ముందే తెలిసిపోతున్నాయని అందరూ బాధపడుతుంటారు. నాకు ఆ బాధ లేదు. తెలియకుండా నలభై ఏళ్ళు బతకడం ఎంత అన్యాయమో నాకు తెలుసు.

వసుధకు ఫోన్‌లో అంతా చెప్పాను. మా నాన్న తొందరపడ్డాడు, మమ్మల్ని క్షమించమంది. ఆ తర్వాత, “పిస్టన్ అసలుదే అని తేలింది గదా. మీ బాపుకు మంచి పేరొస్తది. ఆముదం ముచ్చట ఎవలకు జెప్పకు సుగుణా, ఎవలడుగుతరు?” అంది. మనసులో మంచి ఉండే అన్నది. సగం నిజంతో పేరు బాగు చేసుకోవడం నాకు అక్కర్లేదని చెప్పి పెట్టేశాను. మర్నాడు ట్యాంకు తీసుకుపోయి అజీజ్ భాయ్ ముందు పెట్టాను. పొట్టు చూపించాను. ఆ పొద్దున ఏ డబ్బా తెచ్చానో చెప్పాను. ఆయన కుడి కాలు మీద చెయ్యి వేసుకొని విన్నాడు.

“పోనీయ్ చెల్లె. చిన్నపిల్లవు, నీకేమెర్క. ఆడపిల్లను ఏమంటం.”

“బాపును రోడ్డు మీద నిలవెట్టి తిట్టినవ్. నన్నెందుకు తిట్టవ్?”

“ముసలితనంల ఎందుకు ఇదంత?”

“నాకు రావాల్సింది నాకియ్యి భాయ్. ఆయనకిచ్చినవ్, అది తప్పు.”

ఆయన మిషన్ పట్టుకొని లేచి నిలబడ్డాడు. తర్వాత మొదలుపెట్టాడు. బుద్ధి లేని దానా అన్నాడు. నా కాలు, నా కొలువు, నా జవానీ అంతా నీ అటుక మీది డబ్బాల పోయింది అన్నాడు. నీ వల్ల ఒక ఫరిష్తా లాంటి మనిషిని బద్నాం చేసిన, ఆఖరుకు మట్టి గూడ వెయ్యలే అన్నాడు. తెలుగు చాలక ఉర్దూలోకి పోయాడు. సందులో జనం చేరారు. నేను తల దించలేదు, ఆయన కళ్ళలోకి చూస్తూ నిలబడి అంతా విన్నాను. అయిపోయాక ఆయన మంచినీళ్ళు తాగి, నాకూ ఒక గ్లాసు ఇచ్చాడు. ఆ రోజు నుంచి మా పని వేగంగా సాగింది. టైర్లు కొత్తవి తెప్పించాం, రింగులు కొత్తవి ఆయనే తయారు చేశాడు, పిస్టన్ గీతలు ఆయనే మెత్తగా తీశాడు. ట్యాంకు లోపల నేను కడిగాను. వేడినీళ్ళు, సోడా, చిన్న గులకరాళ్ళు వేసి వారం రోజులు గిలకొట్టాను. కొన్ని చోట్ల పెచ్చు రాలేదు, వదిలేశాను.

బండిని మొదట ఎక్కడ లేపాలన్న దాని మీద మాకు గొడవ లేదు. బోధన్‌లో, పాత షెడ్డు ఉన్న రోడ్డు మీదే. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, ఎదురుగా టీ హోటల్ మాత్రం అలాగే ఉంది. గొడవంతా ఎవరు చెప్పాలన్న దాని మీద. నేను తిట్టిన ఊళ్ళో నేనే చెప్తానని అజీజ్ భాయ్. తప్పు నాది, నోరు కూడా నాదే అని నేను. ఇద్దరు కూలీలు తోశారు, ఆయన గేరు వేశాడు, మూడోసారికి ఇంజను లేచింది. ఆ చప్పుడుకు టీ హోటల్ బెంచీల మీది ముసలివాళ్ళంతా రోడ్డు మీదికి వచ్చారు. వాళ్ళలో ఒకాయన కళ్ళద్దాలు సర్దుకొని, “గిది గా డూప్లికేట్ మిస్త్రీ బండి గాదు?” అన్నాడు.

నేను అజీజ్ భాయ్ కంటే ముందు మాట్లాడాను. “ఆయన బిడ్డను. బాపు ఇండ్ల డూప్లికేట్ సామాన్ ఒక్కటి గూడ వెయ్యలే. ఆనాడు బండిని ఖరాబ్ చేసింది నేను,” అన్నాను.

ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. “గిప్పుడు జెప్పి ఏం ఫాయిదా బిడ్డా? మీ బాపే లేడాయె.”

“బాపు లేడు,” అన్నాను. “నమ్మినోళ్ళు మీరున్నరు గదా.”

ఒకాయన బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. కూర్చొని మొదటి నుంచి చెప్పాను.